చార్టులో ఐదో లైను

మా కాలేజీ పిల్లలకు ఎయిడ్స్ గురించి ఏం తెలుసో, ఆ తెలిసింది ఎక్కడ తెలిసిందో కనుక్కొమ్మని నాకు పని అప్పగించారు. స్టాఫ్ మీటింగుకు ఆలస్యంగా పోతే ఇట్లాంటివే మన నెత్తిన పడతాయి. ప్రశ్నల కాగితం నేనే తయారుచేశాను. చివరి ప్రశ్న, ఈ సంగతులు నీకు ఎవరు చెప్పారు అని. కింద గళ్లు గీశాను: పాఠ్యపుస్తకం, టీచరు, ఫోను, స్నేహితులు, ఇంట్లో పెద్దలు, ఇతరములు. ఇంట్లో పెద్దలు అన్న గడిలో ఒక్కరూ టిక్కు పెట్టలేదు. పెడతారని నేనూ అనుకోలేదు.

ఫ్యాను కింద కూర్చుని ఆ కాగితాలు తిరగేస్తున్నాను. డిగ్రీ రెండో సంవత్సరం అమ్మాయి ఒకతె ‘ఇతరములు’ దగ్గర టిక్కు పెట్టి, పక్కన పెన్ను ఒత్తిపట్టి రాసింది: కటింగ్ షాపు.

ఇక నాకు ఆ రోజు పని సాగలేదు. లేచి కిటికీ దగ్గరికి పోయాను, వచ్చి కూర్చున్నాను, మళ్లీ లేచాను. పక్క టేబులు మేడమ్ ఏమైంది సార్ అంటే, ఉక్కపోస్తోంది అన్నాను. ఆడపిల్ల కటింగ్ షాపులో నేర్చుకోవడమేమిటి అని ఇంకొకరైతే నవ్వుకునేవారు. నాకు నవ్వు రాలేదు. అట్లాంటి పాఠం చెప్పే కటింగ్ షాపు ఈ జిల్లాలో నాకు తెలిసి ఒక్కటే.

పదేళ్లు దాటింది. నేను ఎమ్మెస్సీ చదివే రోజుల్లో క్యాంపస్ బయట, బస్సులాగే చోట, రేకుల షెడ్డులో ఉండేది ఆ షాపు. కుర్చీ ఒకటి, అద్దం ఒకటి, ఆయనొకడు. పేరు తెలుసు. రాయను. ఆయన పేరు నా నోటి నుంచి ఒకసారి బయటపడి చేసిన నిర్వాకం చాలు.

సన్నటి మనిషి. ఒక్కచోట నిలబడలేడు. కత్తెర ఆడిస్తూ కుర్చీ చుట్టూ తిరుగుతూనే ఉంటాడు. బస్సు ఆగిన చప్పుడైతే చాలు, నీ తల వదిలేసి గుమ్మంలోకి పోయి ఎవరు దిగారో చూసి వస్తాడు. కప్పే గుడ్డను మూడుసార్లు దులుపుతాడు, రెండుసార్లు కాదు, నాలుగు కాదు. చాయ్ సగం తాగి సగం పారబోస్తాడు. సాయంత్రం ఎనిమిదికి ఆయన ఫోను మోగుతుంది. ఎవరూ మాట్లాడరు, అది అలారం. మనకు వీపు పెట్టి డబ్బాలోంచి ఏదో గోలీ తీసి మింగుతాడు. ఏం గోలీ అన్నా అంటే గ్యాసుది అనేవాడు. మేం నమ్మేవాళ్లం. హాస్టల్ మెస్సులో తినేవాళ్లకు గ్యాసు గోలీ మీద అనుమానమేముంటుంది?

బ్లేడు దగ్గర మాత్రం ఆయనకు పెద్ద తంతు. కాగితం చుట్టిన కొత్త బ్లేడు నీ చేతికే ఇస్తాడు. నువ్వే విప్పాలి. విప్పినదాన్ని నీ కళ్ల ముందు సగానికి విరిచి, ఒక ముక్క కత్తికి ఎక్కించి “సూసినవా?” అంటాడు. సూసిన అనేదాకా కత్తి నీ గడ్డానికి తాకదు. కునికేవాళ్లను భుజం తట్టి లేపి మరీ చూపించేవాడు. మిగిలిన సగాన్ని అందరు మంగలన్నలలాగా వెనకవాడికి దాచేవాడు కాదు. డబ్బాలో పారేసేవాడు. కొత్తదే కదన్నా, దండగ కదా అని నేనోసారి అడిగాను. అది విప్పంగ నువ్వు చూసినవు, ఎనక కూసున్నోడు చూడలేదు గద అన్నాడు.

పటిక కూడా అంతే. ఊళ్లో అన్ని షాపుల్లో ఒకే పటిక గడ్డ అందరి చెంపల మీదా తిరుగుతుంది. ఈయన పటికను నీళ్లలో కరిగించి సీసాలో పోసుకునేవాడు. నీ దోసిట్లో నాలుగు చుక్కలు పోసి నువ్వే రాసుకో అనేవాడు. పిసినారి అనుకున్నాం.

ఇక ఆయన పరీక్ష. సగం గడ్డం గీసి, సగం నురుగు అట్లాగే ఉంచి, కత్తి పక్కన పెట్టేవాడు. చెప్పు తమ్మీ, దోమ కుడితే ఎయిడ్స్ వస్తదా? వస్తదని తప్పు చెప్పినా, గొణిగినా, సిగ్గుపడ్డా అంతే. నురుగు ఎండి చర్మం గుంజుతున్నా కత్తి ముట్టడు. వెనక బెంచీ మీద కూర్చున్నవాళ్లు అందిస్తే ఒప్పుకోడు. ఫిజిక్సులో గోల్డ్ మెడల్ కొట్టినాయన ఒకడు దోమ దగ్గర తప్పి, సగం గడ్డంతో చాలాసేపు కూర్చున్నాడు. ఆయనకు ఇప్పటికీ ఆ జవాబు గుర్తుండే ఉంటుంది.

మాకు ఏం తెలుసని ఆ రోజుల్లో? పదో తరగతి సైన్సు సారు ఆ పాఠం రాగానే “గిది ఇంటికాడ సదువుకోండ్రి, పరీక్షల రాదు” అని పేజీలు తిప్పేశాడు. పరీక్షలో వచ్చింది. అందరం వదిలేశాం. తర్వాత హాస్టల్లో సీనియర్లు నేర్పారు, సినిమాహాలు సీట్లలో సూదులు గుచ్చి పెడతారని. ఆ తర్వాత ఫోను నేర్పింది, ఆకు పసరుతో పోతుందని. నా రూమ్మేటు వేల్పూరు వాడు, పసుపు పండించే ఇంటి బిడ్డ, చదివేది బయోకెమిస్ట్రీ. ఆ వైరస్ బొమ్మ గీసి భాగాలన్నీ గుర్తించగలడు. అట్లాంటివాడే ఒకరోజు గొంతు తగ్గించి, ఒకే బాత్రూము వాడితే ఏం కాదు గద అని నన్నడిగాడు.

నన్నే ఎందుకు అడిగాడంటే, క్యాంపస్‌లో ఎయిడ్స్ మీద పెట్టిన వ్యాసరచన పోటీలో ఫస్టు ప్రైజు నాదే. స్టీలు టిఫిను డబ్బా ఇచ్చారు. మా బాపు దాన్ని చూసి, మూత గట్టిగనే ఉన్నది అన్నాడు, అంతే. సంబరపడింది కటింగ్ షాపాయన. ఆ పూట నా గడ్డం గీస్తూ ప్రశ్నలు కూడా అడగలేదు. వ్యాసంలో ముఖ్యమైనవి తీసి పెద్ద అక్షరాలతో చార్టు మీద రాసివ్వు తమ్మీ, అద్దం పక్కన పెట్టుకుంట అన్నాడు. చార్టు, స్కెచ్ పెన్నులు ముందే కొని పెట్టుకున్నాడు.

బెంచీ మీద పరిచి రాశాను. నా అక్షరాలు గుండ్రంగా, కొంచెం ఎడమకు వాలి ఉంటాయి. ఒకవైపు ‘ఇట్ల వస్తది’ అని నాలుగు లైన్లు, రెండోవైపు ‘ఇట్ల రాదు’ అని నాలుగు లైన్లు. చెయ్యి కలిపితే రాదు. ఒక కంచంలో తింటే రాదు. దోమ కుడితే రాదు. ఒకే బాత్రూముకు పోతే రాదు. ఆయన నా భుజం మీది నుంచి వంగి చూస్తున్నాడు. ఐదు వెయ్యి అన్నాడు. ఐదు వేసి చుక్క పెట్టాను.

“ఉన్నోడు గడ్డం గీసినా రాదు. గట్ల రాయి” అన్నాడు.

నేను పెన్ను ఎత్తేశాను. అది పుస్తకంలో లేదన్నా అన్నాను. అందరూ బ్లేడు గురించే రాస్తారు, గీసేవాడి గురించి ఎవరు రాస్తారు? పైగా గిరాకీకి వచ్చినోడు అది చదివితే లేనిపోని అనుమానం పడతాడు, నీ షాపుకే నష్టం అని జ్ఞానం కూడా బోధించాను. ఆయన రెండుసార్లు గుమ్మందాకా పోయి వచ్చాడు. సరే తీ, ఉండనియ్యి అన్నాడు. చార్టు అట్లాగే అద్దం పక్కన అతికించాడు, ఐదు పక్కన ఖాళీతో. ఎవరైనా అడిగితే, అది మా తమ్మి రాస్తడు, టైం దొర్కాలె అని నన్ను చూపించేవాడు. నాకు టైం దొరకలేదు.

ఆ తర్వాత ఎండాకాలంలో నాకు జ్వరం పట్టుకుంది. తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. బరువు తగ్గాను. నోట్లో పుండ్లు. ఫోనులో వెతికితే లక్షణాలన్నీ నావే. ఫస్టు ప్రైజు వ్యాసం ఎటు పోయిందో, రాత్రుళ్లు కంటి మీద కునుకు లేదు. అంత భయపడే పని నువ్వేం చేశావు అని మీకు అడగాలని ఉంటుంది. చూశారా, ఎవరికైనా మొదట నోటికొచ్చే ప్రశ్న అదే. నేను చెప్పను.

నిజామాబాద్‌లో పరీక్ష చేయించుకుంటే ఎవరైనా చూస్తారు. అందుకని బోధన్ బస్సెక్కాను. అప్పటికి నాకు తెలియదు గాని, అందరూ చేసే పనే అది. ఇక్కడివాళ్లు అక్కడికి పోతారు, అక్కడివాళ్లు ఇక్కడికి వస్తారు, మధ్యలో బస్సులో ఒకరి మొహం ఒకరు చూసుకోరు. చెరుకు తోటలు, కాలువ, మళ్లీ చెరుకు. కండక్టరు రెండుసార్లు అడిగితే గాని టికెట్టు తీసుకోవాలని తోచలేదు. సర్కారు దవాఖానలో ఒక గది ముందు బెంచీ మీద కూర్చున్నాను. బస్సు టికెట్టును ముక్కలు ముక్కలుగా చింపుతున్నాను.

తలుపు తీసుకుని ఆయన బయటికి వచ్చాడు. చేతిలో గుడ్డసంచి. నడిస్తే అందులో డబ్బాల్లో గోలీలు గలగలమంటున్నాయి. నన్ను చూసి ముందు గోడ వైపు తిరిగాడు. తర్వాత ఏమనుకున్నాడో, వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఎనిమిది గంటల అలారం, వీపు తిప్పి మింగడం, ఐదో లైను, అన్నీ ఒక్కసారే నాకు అర్థమైనాయి. ఆయన ఏమీ అడగలేదు. బయటికి పోయి నీళ్ల సీసా తెచ్చిచ్చాడు. పస్టు గట్లనే ఉంటది, నీళ్లు తాగు అన్నాడు. నన్ను లోపలికి పిలిచి నెత్తురు తీసుకునేదాకా కూర్చున్నాడు. అంత నిలకడగా ఆయన కూర్చోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఫలితం మధ్యాహ్నం చెప్తామన్నారు. ఆయన షాపు తెరవాలి. లేస్తూ ఒక్క మాటన్నాడు.

“తమ్మీ, గీ ముచ్చట మనిద్దరి నడుమనే ఉండాలె. ఆ షాపే నాకు బువ్వ.”

అవ్వతోడన్నా అన్నాను. ఆయన నా నెత్తి మీద చెయ్యి వేసి పోయాడు.

మధ్యాహ్నం నాకేమీ లేదన్నారు. ఉత్త జ్వరమే, మందు రాసిచ్చారు. బస్సులో తిరిగి వస్తుంటే నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, కిటికీలోంచి మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ గొట్టం కూడా అందంగా కనబడింది. రూముకు రాగానే వేల్పూరోడు అడిగాడు, పొద్దంత ఏడికి వొయినవురా అని. బోధన్ అన్నాను. బోధన్‌లో ఏం పని? దవాఖానకు. నిజామాబాద్‌లో లేవా దవాఖానలు? వాడు మంచం మీద లేచి కూర్చున్నాడు. వాడి కళ్లలో అనుమానం మొదలైంది. ఇంకొక్క ప్రశ్న అడిగితే నా బండారం బయటపడుతుంది. అప్పుడు నేను చేసిన పని ఇది. నా సంగతి మరిపించడానికి ఆయన సంగతి ముందు పెట్టాను. జరానికి పోయిన గని, అక్కడ ఎవరిని సూసిన్నో ఎరికెనా అన్నాను. పేరు చెప్పాను. ఎవరికీ చెప్పకు అని కూడా అన్నాను, ఆ మాట అనకుండా ఎవరు చెప్తారు గనక.

వారం తిరగలేదు, షాపులో బెంచీ ఖాళీ అయింది. అవతలి రోడ్డులో ఇంకో షాపుకు వరస కట్టారు. అక్కడ పాత బ్లేడో కొత్త బ్లేడో ఎవరూ చూడలేదు. ఒకే పటిక గడ్డ అందరి చెంపల మీదా తిరిగింది. నేను? గడ్డం పెంచాను. బస్టాపుకు పోయే దారి మార్చాను. చెయ్యి కలిపితే రాదు అని ఆ గోడ మీద నా చేత్తో రాసి ఉంది. అది చదవాల్సి వస్తుందని అటు పోలేదు. సిగ్గులేని జన్మ.

నెల దాటాక ఒక సాయంత్రం తప్పించుకునే వీల్లేకుండా ఎదురుపడ్డాడు. షాపు ముందు ట్రాలీ ఆటో ఆగి ఉంది. కుర్చీ తలకిందులుగా ఎక్కించారు, అద్దానికి దుప్పటి చుట్టారు. ఆయన చంకలో చార్టు చుట్ట. తమ్మీ అని పిలిచాడు. తిడతాడు, నలుగురిలో గల్లా పట్టుకుంటాడు అనుకున్నాను. పట్టుకుంటే బాగుండు అని కూడా అనుకున్నాను. దగ్గరికొచ్చి, ఎవరూ వినకుండా గొంతు తగ్గించాడు.

“దవాఖానల ఏమన్నరు? ఏం లేదన్నరా?”

ఏం లేదన్నరన్నా అన్నాను.

“మంచిగైంది. నాకు గదే రంది వట్టుకుండె.”

గీసేటప్పుడు ఆయన రెండు వేళ్లతో నా గదవ పట్టి వెలుతురుకు ఎత్తేవాడు. అలవాటు ప్రకారం ఆ రెండు వేళ్లూ నా మొహం దాకా వచ్చాయి. వచ్చి మధ్యలో ఆగాయి. చెయ్యి వెనక్కి తీసుకుని అంగీకి తుడుచుకున్నాడు. గడ్డం మస్తు వెరిగింది, ఏడనన్న గీపిచ్చుకో అని ఆటో ఎక్కాడు. నేను చెప్పానన్న సంగతి ఆయనకు తెలుసు. ఆ దవాఖానలో ఆయన్ను చూసింది నేనొక్కణ్ణే. అయినా నా ఫలితం అడిగిపోయాడు. ఇన్నేళ్లలో ఏ కటింగ్ షాపులో కూర్చున్నా, గదవ పట్టి ఎత్తగానే నాకు లేచి పోవాలనిపిస్తుంది.

కాగితాలు చూసిన మర్నాడు, క్లాసు అయ్యాక, ‘కటింగ్ షాపు’ అని రాసిన అమ్మాయిని ఆపాను. ఏ కటింగ్ షాపమ్మా అని అడిగాను. ఎడపల్లి దగ్గర, బోధన్ రోడ్డు మీద అంది. వాళ్ల అవ్వ బీడీలు చుడుతుంది. అరుగు మీద అవ్వ పక్కన కూర్చుని తను దారం కట్టేది. పక్కన అద్దెకిచ్చిన మడిగె గదే ఆ షాపు. తలుపు తీసి ఉంటే గోడ మీది చార్టు కనబడేదట. ఆయన ఎట్లున్నాడు అన్నాను.

“మొన్న వానకాలం పోయిండు సార్. గుండె ఆగింది. ఊల్లె అందరు ఆ బీమారితోనే అంటరు. గోలీలు ఒక్కనాడు తప్పకపోతుండె ఆయన.”

ఆమె చెప్తూనే ఉంది. మొదటి ఏడాది ఆ షాపులోకి పురుగు కూడా రాలేదట. ఆయన తన కుర్చీలో తనే కూర్చుని రోడ్డు చూసేవాడట. మొదట పోయి కూర్చుంది వీళ్ల బాపు. అవ్వ రెండు రోజులు లొల్లి పెట్టింది. బాపు గడ్డం గీయించుకుని, ఆయనతోనే చాయ్ తాగి వచ్చాడు. తర్వాత ఒకరు, ఇద్దరు. వర్ని నుంచి వరికోతలకు పోయే మిషన్ల వాళ్లు ఆగేవారు. ఊరంతా రాలేదు. బతకడానికి సరిపోయేంత మంది వచ్చారు. వాళ్లందరికీ ముందే తెలుసా అని అడిగాను. తెలవకపోవుడేంది సార్, చార్టు మీదనే రాసి ఉండె అంది. ఆ చార్టు తన దగ్గరే ఉందని, మడిగె ఓనరు సామాను బయట పడేస్తుంటే తెచ్చుకున్నానని, కాలేజీ గోడకు పెడదామంటే రేపు తెస్తానని అంది.

తెచ్చింది. పేపరులో చుట్టి తెచ్చింది. స్టాఫ్ రూములో ఎవరూ లేరు. టేబులు మీద పరిచాం. అంచులు చీకిపోయాయి, నురుగు మరకలు పసుపు పచ్చగా మారాయి. గుండ్రటి అక్షరాలు ఎడమకు వాలి, ఒకవైపు నాలుగు లైన్లు, రెండోవైపు నాలుగు. ఐదు పక్కన ఖాళీ లేదు. బాల్ పెన్నుతో దిద్ది దిద్ది, వంకర అక్షరాలతో ఉంది:

ఉన్నోడు గడ్డం గీసినా రాదు. నాకు ఉన్నది. భయమున్నోళ్లు అడుగుండ్రి.

ఆమె నన్నూ చార్టునూ మార్చి మార్చి చూసింది. పైవన్నీ ఎవరో క్యాంపస్ తమ్మి రాసిండని ఆయన చెప్పేవాడట. తమ్మి బాగ చదువుకున్నోడు, ఇప్పుడు పెద్ద సారయ్యుంటడు అని గిరాకీలకు చూపించేవాడట. బోర్డు మీద మీ అక్షరాలు చూసిన మొదటి రోజే నాకు అనుమానమొచ్చింది సార్ అంది. అక్కణ్ణుంచి ఎందుకొచ్చాడో ఎప్పుడైనా చెప్పాడా అని అడిగాను. ఆడ గిరాకి తగ్గిందన్నడు, గంతే అంది.

“ఐదోది మీరెందుకు రాయలే సార్?”

పుస్తకంలో లేదని చెప్పబోయాను. భయమమ్మా అన్నాను. ఆగితే ఇక ఎప్పటికీ చెప్పలేనని మిగిలింది కూడా చెప్పేశాను. బోధన్ బస్సు, నీళ్ల సీసా, అవ్వతోడు, వేల్పూరోడు, గడ్డం. అంతా. పద్దెనిమిది పందొమ్మిదేళ్ల పిల్ల. నిలబడే విన్నది. అయిపోయాక చార్టును నెమ్మదిగా చుట్టింది, పేపరు చుట్టింది, రబ్బరుబ్యాండు వేసింది.

“ఇది నా దగ్గరనే ఉంటది సార్. మీరు కొత్తది రాయుండ్రి. ఐదోది గూడ రాయుండ్రి” అని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే చార్టు కొన్నాను. నాలుగు లైన్లూ, నాలుగు లైన్లూ ఎప్పటిలాగే వచ్చాయి. ఐదు వేసి చుక్క పెట్టాను. ఆయన మాట ఆయనది, అది నేను రాసుకునేందుకు లేదు. లేచి తిరిగాను, చాయ్ పెట్టుకుని సగం పారబోశాను. చివరికి నాది నేను రాశాను. పొద్దున ప్రిన్సిపాల్ చదివి, ఐదోది అవసరమా సార్ అన్నాడు. అవసరమే అన్నాను. మెట్ల పక్కన, అందరూ ఆగే చోట అతికించాను.

ఐదు. ఉన్నాయన చేత రెండేళ్లు గడ్డం గీయించుకున్నాను, నాకు రాలేదు. తెలిశాక మానేసి, పదిమందికీ తెలిసేలా ఆయన పేరు బయటపెట్టాను. అది నా తప్పు. భయమున్నవాళ్లు నన్నడగండి.

కింద నా పేరు రాశాను. పిల్లలు మెట్లెక్కుతూ ఆగి చదువుతున్నారు. చదివి, వెనక్కి తిరిగి నన్ను చూస్తున్నారు. చూడనీ.